నిండు బిందెకు దారి

ఇవాళ పొద్దున చెరువుకట్ట మీద వెనకనుంచి సైకిలు గంట వినబడగానే నా కాళ్ళు వాటంతటవే పక్కకు పోయాయి. పాప చెయ్యి పట్టుకుని అంచుదాకా లాగేశాను. సైకిలాయన "థాంక్సండీ" అని మరీ వెళ్ళాడు. ఒకరు మర్యాదగా తప్పుకోవడం, ఇంకొకరు మర్యాదగా దూసుకుపోవడం. కట్టమీద ఇప్పుడు అంతా సజావుగా ఉంది. ఆమె ఉన్నంతకాలం ఇలా లేదు.

ఆమె పోయి నెల తిరగలేదు. పేరు రాయను. వాళ్ళవాళ్ళు బజారులో పెద్ద కొట్టు నడుపుకుంటున్నారు, ఆమెను గురించి ఇప్పుడు మంచిమాటలు తప్ప వినడానికి ఇష్టపడరు. నేను మంచిమాటలు మాత్రమే రాయలేను. పాప నిద్రపోతోంది. దీపంలో కిరసనాయిలు ఉన్నంతసేపూ రాస్తాను.

మద్రాసులో చదువుకునే రోజుల్లో హాస్టలు ఆడపిల్లలం సాయంత్రాలు బీచికి పోయేవాళ్ళం. పెళ్ళయి నరసరావుపేట వచ్చాక ఒంటికి గాలి తగిలే చోటు నాకు ఈ చెరువుకట్ట ఒక్కటే. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిస్తే నిండిపోయే దారి. ఒకవైపు నాపరాళ్ళు పరిచిన వాలు, దాని కింద నీళ్ళు. రెండోవైపు తుమ్మచెట్లు మొలిచిన పల్లం, జారితే ఆగడానికి ఏమీ లేదు. మాచర్ల రైలు దిగినవాళ్ళు కోర్టుకు పోవాలంటే బజారు చుట్టి రావడం కన్నా కట్టమీదుగా పోతే సగం దూరం తగ్గుతుంది. మా పేటలో తాగేనీళ్ళూ ఆ చెరువువే. అంచేత బిందెలూ కోర్టు కాగితాలూ ఒకే దారిన నడవాలి.

కాలినడక రోజుల్లో దానికొక పద్ధతి ఉండేది. నిండు బిందె ఎదురైతే ఎవరైనా సరే తప్పుకోవాలి. మోతుబరి అయినా, ప్లీడరయినా వాలుమీద ఒక కాలు దించి నిలబడేవాడు. నెత్తిన ఒకటి, చంకన ఒకటి మోసేవాళ్ళు తల తిప్పలేరు, కాలు వంచలేరు. పైగా నిండు బిందె ఎదురు రావడం శుభం. ఒట్టి బిందె మాత్రం అశుభం. ఒట్టి బిందెతో పోయే ఆడది, పనిమీద బయల్దేరిన మగవాడు ఎదురైతే తనే కిందికి దిగి మొహం తిప్పుకోవాలి. పోయేటప్పుడు దిగి, వచ్చేటప్పుడు దర్జాగా రావడం కట్టమీద ఆడవాళ్ళందరికీ అలవాటు.

ఆమెకు ఆ అలవాటు లేదు. ఇంట్లోంచి బయల్దేరేముందే బిందెలో పుడిసెడు నీళ్ళు పోసుకుని వచ్చేది. పోయేటప్పుడూ దిగేది కాదు, వచ్చేటప్పుడూ దిగేది కాదు.

తెల్లచీర, నుదుటిమీదికి లాక్కున్న కొంగు, చంకన ఇత్తడి బిందె, కుడిమోచెయ్యి బయటికి పొడుచుకొచ్చి. అరికాళ్ళు రెండూ చెరోవైపు తిప్పి వేసేది. ఇద్దరి దారిని ఒక్కతే అలా నింపేది. వాళ్ళింట్లో నీళ్ళు తెచ్చే మనుషులు లేక కాదు. మరొకరు ముట్టిన నీళ్ళు ఆమె తాగదు. తన బిందె, తన తోముడు, తన నీళ్ళు. కోడళ్ళు తెచ్చిన నీళ్ళతో కూడా ఎసరు పెట్టనిచ్చేది కాదట.

నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసేది కాదు. కట్టకెదురుగా ఉన్న మా అరుగు మీదనుంచి నేను ఎన్నిసార్లు చూశానో. వెనక సైకిలు గంట కొట్టుకుంటూనే ఉండేది, ఆమె మెడ కదిలేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "మామ్మగారూ, ఒక్కసారి తిరిగి చూస్తే ఏం పోయింది, వాడు గుద్దితే?"

"నా ఎనకొచ్చేవాడి కళ్ళు యాడుంటాయే టీచరమ్మా?"

"ముందే ఉంటాయి."

"మరి నేను గదా వాడికి ముందున్నది. వాడు చూడాలిగానీ నేను చూసేదేంది?"

పాప పుట్టకముందు ఏడాదిపాటు మిషను బళ్ళో పాఠాలు చెప్పాను. అప్పటినుంచి ఆమెకు నేను టీచరమ్మనే.

సైకిలు గంటంటే ఆమెకు పరమ చిరాకు. "ఎద్దుకయితే మెళ్ళో గంట కడతారు, అది వస్తందని మనకు తెలవటానికి. సరే, నోరులేనిది. వీడికేమైంది? నోరుండి గంట కట్టుకున్నాడు. కట్టుకుని, నన్ను దిగమంటాడు!"

యుద్ధం అయిపోయి టైర్లు మళ్ళీ దొరకసాగాక ఊళ్ళో సైకిళ్ళు ఒక్కసారిగా పెరిగాయి. ప్లీడరు గుమాస్తాలు, స్టేషను గుమాస్తాలు, బడిపంతుళ్ళు, సినిమా హాలు టిక్కెట్ల మనిషి, అందరూ కొన్నారు. మావారు కూడా గుంటూరు నుంచి ఒక పాతది తెచ్చుకున్నారు. వీళ్ళందరికీ కట్టదారే కావాలి. వాళ్ళలో ఒక ప్లీడరు గుమాస్తా ఉండేవాడు. పొట్టి మనిషి, కోటు జేబులో ఎప్పుడూ రెండు కలాలు. ఆమెకూ అతనికీ రోజూ పొద్దున మా ఇంటి ఎదురుగానే పడేది.

"మామ్మా, జరుగు! కోర్టు టైమైంది!"

"నువ్వు పోకపోతే జడ్జీ కూకోడంటరా?"

"ఒట్టి బిందె ఎదురేసుకొచ్చి మళ్ళీ మాట్లాడతంది! నిన్న నీ మొహం చూసిపోతే వాయిదా పడింది."

"ఒట్టిదా?" ఆమె బిందె వంచి చూపించేది. అడుగున గరిటెడు నీళ్ళు తళుక్కుమనేవి. "నీళ్ళున్న బిందెరా ఇది. దిగు. పంచె గొలుసులో పడుద్ది, చూసి దిగు."

"అవి నీళ్ళా? పిల్లికి చాలవు."

"పిల్లికి చాలకపోతే ఏందిరా? నిన్ను దింపటానికి చాల్తయ్యి."

అతను సైకిలు దిగి, వాలుమీద ఒక కాలు, దారిమీద ఒక కాలు పెట్టి, హేండిలు పట్టుకుని కొంగలా నిలబడేవాడు. వెనక వచ్చే ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కట్టమీద నాకు భయంలేని సమయం అదొక్కటే, ఆమె నడిచినంతసేపు. ఆమె వెనక పదడుగుల దూరంలో పాపను నడిపించుకుంటూ పోతే ఎదురుగా ఏ సైకిలూ వచ్చేది కాదు.

గుమాస్తాలందరూ కలిసి మునిసిపాలిటీకి అర్జీ పెట్టారు. కోర్టు వేళల్లో కట్టమీద బిందెలు నడవకూడదని. విచారించడానికి కౌన్సిలరు ఒకాయన స్వయంగా కట్టమీదికి వచ్చాడు. ఆయన మరెవరో కాదు, ఆమె మరిది కొడుకే. చేతికర్ర, తెల్లటి చొక్కా. చుట్టూ గుమాస్తాలు. బిందెల ఆడవాళ్ళు దూరంగా నిలబడ్డారు, ఆమె ఒక్కతే దారి మధ్యలో. మా అరుగుకు మాటలన్నీ వినబడుతున్నాయి.

"పెద్దమ్మా, మద్రాసు బీచిలో చూడు, నడిచేవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ ఒకే దారిన పోతారు. గొడవే లేదు. కావాలంటే టీచరమ్మనడుగు, ఆమె అక్కడ చదివింది."

అందరూ నావైపు చూశారు. అక్కడి దారి మీద పది బండ్లు వరసన పోవచ్చుననీ, అటుపక్క ఇసుక ఉంటుందే తప్ప గొయ్యి ఉండదనీ, నీళ్ళు మోసుకుంటూ ఎవరూ బీచికి రారనీ చెప్పబోయాను. మొదటిమాట పూర్తికాకముందే ఆయన తలూపి, "విన్నావుగా" అన్నాడు.

"దారి ఇద్దరిదీ, పెద్దమ్మా. ఇద్దరూ సర్దుకుపోవాల."

"సర్దుకోటమంటే ఏందిరా? వాడు దిగటమా, నేను దిగటమా? ముందు అది చెప్పు."

"ఎవరికి వీలుంటే వాళ్ళు."

"ఒరేయ్ అబ్బాయ్," అంది ఆమె, బిందె ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంటూ, "వీలు ఎప్పుడూ నాకే ఉంటదిరా. చూస్తా ఉండు."

గుమాస్తాలు నవ్వారు. కౌన్సిలరు కూడా నవ్వి, ఆమె కాళ్ళకు వంగి దణ్ణంపెట్టబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "ముట్టుకోబాకు. మళ్ళీ మునగాల."

ఆ తరవాత కట్ట మొదట్లో ఒక బోర్డు వేశారు. సైకిళ్ళవారు గంట కొట్టవలెను, నడచువారు ఎడమప్రక్కగా నడవవలెను అని. నల్లబోర్డు మీద తెల్లరంగు అక్షరాలు, అందంగానే రాశారు. బిందెలు మోసేవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు లేరు. ఆమె నన్ను కేకేసి చదివించుకుంది. రెండుసార్లు చదివించుకుంది.

"గంట కొడితే వాడి పని అయిపోయిందా?"

"అలాగే ఉంది మామ్మగారూ."

"ఎడంపక్కంటే? పోయేటప్పుడు నీళ్ళు, వచ్చేటప్పుడు గొయ్యి. అంతేనా?"

"అంతే."

"చానా బాగుంది," అని ఆమె ఎప్పటిలాగే దారి మధ్యలోకి నడిచి పోయింది.

నడిచేవాళ్ళందరి తరఫునా ఆమె కొట్లాడిందని బజారులో ఇప్పుడు చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. కట్టకింద పల్లంలో ఊట నీళ్ళ గుంట ఒకటుంది. మా చర్చికి వచ్చే ఊరవతల పల్లె ఆడవాళ్ళను చెరువు ముట్టుకోనివ్వరు, తాగేనీళ్ళు అక్కడే ముంచుకోవాలి. కట్టమీద నడిస్తే వాళ్ళకు దగ్గర. కానీ వాళ్ళు తుమ్మముళ్ళలోంచే కిందుగా పోతారు. ఎప్పుడైనా ఒకరు పొరపాటున మీదికి ఎక్కితే, సైకిళ్ళవాళ్ళకన్నా ముందు ఆమే అరిచేది, "కిందుగా పోండే!" అని. వాళ్ళవీ నిండు బిందెలే. వాళ్ళకూ తల తిరగదు, కాలు వంగదు. వాళ్ళ కోసం ఆమె ఎన్నడూ ఒక మాట అనలేదు. నేను ఆ చర్చిలోనే మోకరించేదాన్నయినా, మావారి ఉద్యోగమూ నా చదువూ నా కాళ్ళకున్న చెప్పులూ చూసి కట్టమీద నన్నెవరూ ఏమీ అనేవారు కాదు. ఆమె కూడా అనేది కాదు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఎప్పుడూ బారెడు దూరం ఉంచేది. నాకది తెలుసు. తెలిసే ఆమె వెనక నడిచేదాన్ని, నా బిడ్డకు సైకిళ్ళు అడ్డం రాకుండా ఉంటే చాలని.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున, పాపకు దగ్గు తగ్గక మిషను ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. ఆమె నిండు బిందెతో ఎదురుగా వస్తోంది. నా వెనక గంట మోగింది. బోర్డులో రాసినట్టు నేను ఎడమకు జరిగాను. పాప నా వేలు వదిలేసి, ఆమె బిందె మెరుస్తుంటే చూసి, దారికి అడ్డంగా పరిగెత్తింది.

నాకు గుర్తున్నది ముందు శబ్దమే. బిందె నాపరాళ్ళమీద దొర్లుతూ పోయిన శబ్దం. కళ్ళు తెరిచేసరికి సైకిలు తుమ్మకొమ్మల్లో ఉంది, పాప ఆమె రొమ్ముమీద ఉంది. ఆ పొట్టి గుమాస్తా మోచెయ్యి గీసుకుపోయి లేస్తున్నాడు.

"గంట కొట్టాగా!" అన్నాడు మొదటిమాటగా.

"నీ గంట నీ నోట్లో పెట్టుకోరా! పసిగుడ్డు మీదికి తోలతావా? దీనికి చదువొచ్చా, నీ బోర్డు చూసి పక్కన నడవటానికి? దీనికింకా ఎడమేదో కుడేదో తెలవదురా, ముండాకొడకా!"

పాప వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె దాన్ని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, అటూ ఇటూ ఊగుతూ, "ఏం గాలేదమ్మా, ఏం గాలేదు, నా తల్లే, ఏం గాలేదు" అంటూనే ఉంది. పాప ముక్కూ కన్నీళ్ళూ ఆమె తెల్లచీర నిండా అయ్యాయి. ఏడుపు ఆగేదాకా వదలలేదు. ఆగాక కొంగుతో దాని మొహం తుడిచి, కింద దించి, నావైపు నెట్టింది. నా చేతికి ఇవ్వలేదు.

"మామ్మగారూ, మీ మేలు..." అన్నాను.

ఆమె నన్ను వినడం లేదు. తన రెండు చేతులు చూసుకుంటోంది. చీర చూసుకుంది. ఏమీ అనకుండా వాలు దిగి, బిందె వెతికి తెచ్చుకుని, చీరతోనే నీళ్ళలోకి దిగి, తలతో సహా మునిగి లేచింది. రేవు అంచున కూర్చుని ఒండ్రుమట్టి తీసి బిందెను తోమింది. లోపలా, బయటా, మెడ చుట్టూ. అంతసేపు ఇత్తడిని తోమగా నేనెవరినీ చూడలేదు. పాప నా కాళ్ళకు చుట్టుకుని ఆమెనే చూస్తోంది. నా బిడ్డను బతికించిన మనిషి నా బిడ్డను కడుక్కుంటోంది.

బిందె నింపుకుని, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ పైకి వచ్చింది. మేము దారిలో నిలబడి ఉన్నాం.

"జరుగు టీచరమ్మా," అంది. కోపం లేదు, మామూలుగానే అంది. "నిండు బిందె."

పాపను ఎత్తుకుని పల్లంవైపు అంచుకు దిగాను. ఆమె వెళ్ళిపోయింది. ఆమె తడి అడుగులు దారి మధ్యలో, చెరోవైపు తిరిగి, చాలాదూరం కనిపించాయి.

ఇంటికొచ్చి చెబితే మావారు సైకిలు తుడుస్తూ విన్నారు. తరవాత, "ఆమెదేముంది, పెరిగిన తీరు అది. పాప దక్కింది, అది చాలదూ?" అన్నారు. చాలు. చాలుననే అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ ఆ తోముడు వినబడుతుంది.

వానలకు ముందు, మసక వేళ, దీపంలేని సైకిలు ఒకటి వెనకనుంచి వచ్చి ఆమెను గుద్దింది. ఎవరిదో తేలలేదు. కిరసనాయిలు దొరక్క ఎవరూ దీపాలు పెట్టడం లేదు, అందరి సైకిళ్ళూ ఒకటే. గంట మాత్రం కొట్టాడట, విన్నవాళ్ళు ఉన్నారు. ఆమె తుంటి విరిగింది. మరిది కొడుకే వచ్చి చూసి, "బోర్డు వేయించింది నేనే గదా. ఎడంపక్కన నడవమని రాసిందా లేదా?" అన్నాడట. మొండిది, చేజేతులా తెచ్చుకుంది అని బజారంతా ఒక్కమాట.

పాపను ఇంట్లో వదిలి చూడబోయాను. వాళ్ళ కోడలు లోపలికి రమ్మనలేదు. గడప ఇవతల నిలబడ్డాను. వసారాలో మంచంమీద ఉంది. ఇంత మనిషి అంతకు సగమైంది. తలదగ్గర చెంబుతో నీళ్ళు. చెంబు నిండుగానే ఉంది.

"ఈ నీళ్ళు ఎవరు తెచ్చారో నాకు చెప్పరు," అంది నన్ను చూడగానే. "దప్పికైతే కళ్ళు మూసుకుని తాగుతన్నా."

మళ్ళీ ఆమే అడిగింది.

"కట్టమీద ఇప్పుడు నడిమిన ఎవరు నడుస్తన్నారే?"

"ఎవరూ లేరు మామ్మగారూ."

"నువ్వు?"

"నేను... పక్కకే. పాపతో కదా."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. "చదువుకున్నదానివి," అంది. అది మెచ్చుకోలో తిట్టో అర్థం కాలేదు. గోడవైపు మొహం తిప్పేసుకుంది. నేను చూసిన ఆఖరుసారి అదే.

ఆమె శవాన్ని కట్టమీదుగానే తీసుకుపోయారు. ఆ పూట సైకిళ్ళన్నీ దిగి నిలబడ్డాయి. పొట్టి గుమాస్తా తలపాగా కూడా తీశాడు. మర్నాటినుంచి కట్ట వాళ్ళది. బిందెల ఆడవాళ్ళు గంట వినబడగానే ఎడమకు జరుగుతున్నారు, నీళ్ళు ఒలుకుతున్నాయి, దారి ఎప్పుడూ తడిగా ఉంటోంది. మావారు గంట మెల్లగా, మర్యాదగా కొడతారు. మెల్లగా కొట్టినా దిగాల్సిందే. ఆ మాట అంటే ఆయన నొచ్చుకుంటారు.

పొద్దున జరిగినది కొంత రాశాను, కొంత రాయలేదు.

పాప ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తన చిన్న ఇత్తడి గ్లాసులో కాసిని నీళ్ళు పోయమని పేచీ పెట్టింది. దాహానికేమో అనుకుని పోశాను. కట్ట ఎక్కగానే అది గ్లాసును చంకన పెట్టుకుంది. మోచెయ్యి బయటికి పొడిచింది. అరికాళ్ళు చెరోవైపు తిప్పి, దారికి సరిగ్గా నడిమిన నడవడం మొదలుపెట్టింది. నేను అరుగుమీద కూర్చుని చూసిన రోజులన్నీ నా ఒళ్ళో కూర్చుని అదీ చూసింది కాబోలు. మునిగి లేవడం, తోమడం దానికి గుర్తున్నట్టు లేదు. గుర్తుండకూడదని దేవుణ్ణి అడుగుతున్నాను.

వెనక గంట మోగింది. దాని మెడ కదల్లేదు. "నిండు బిందె! జరుగు!" అంది గట్టిగా.

నేను పరిగెత్తి దాన్ని రెక్క పట్టుకుని అంచుకు లాగాను. గ్లాసు ఒలికిపోయింది. సైకిలు మమ్మల్ని దాటుకుని, థాంక్సు చెప్పి పోయింది.

పాప ఏడవలేదు. గ్లాసు బోర్లించి చూసుకుంది.

"అమ్మా, ఇప్పుడు ఒట్టిదైపోయిందిగా," అంది. "ఇంక మనమే దిగాలా?"

మేమప్పటికే దిగి ఉన్నాం.